హకీం భాయ్ పైపు

బండి మీద కూర్చుని చేసే నామస్మరణ దేవుడి లెక్కలోకి వస్తుందా రాదా అన్న సందేహం రత్నాకర్‌కు చాలా ఏళ్లుగా ఉంది. మెదక్ నుంచి నిజాంపేటకు పొద్దున పోయేటప్పుడు, సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు దారంతా రామనామం అనుకుంటాడు. ఇంట్లో పటాల ముందు కూర్చుంటే మోకాలు సలుపుతుంది, మనసు ఆ నొప్పి చుట్టూనే తిరుగుతుంది. బండి మీద అట్లా కాదు. చేతులకు పని ఉంటుంది, కళ్లకు పని ఉంటుంది, నోరు ఖాళీగా ఉంటుంది. కాకపోతే కాళ్లకు చెప్పులుంటాయి, కింద ఇంజను మొత్తుకుంటూ ఉంటుంది. గుళ్లో అయ్యగారిని అడుగుదామని రెండు మూడుసార్లు దగ్గరదాకా పోయాడు. వెనక ఉన్నవాళ్లు వింటారని సిగ్గుపడి, తీర్థం పుచ్చుకుని వచ్చేశాడు. చివరికి రెండేళ్ల కింద అడిగింది పక్కింటి మెకానిక్ హకీం భాయ్‌ని. హకీం బండి పక్కన గొంతుక్కూర్చుని ఏదో నట్టు విప్పుతున్నాడు. తల ఎత్తలేదు.

"గింత దునియా నడిపించేటోనికి నీ బుల్లెట్ సప్పుడు అడ్డమొస్తదా పటేలా? ఇనేటోడు ఇంటడు. నువ్వు ముందుగాల ఆయిల్ మార్పియ్యి."

ఆ జవాబు రత్నాకర్‌కు సగం నచ్చింది. వినేవాడు వింటాడు, సరే. పలికేవాడికే తన మాట వినపడకపోతే అది పలకడమేనా? నెల రోజులుగా జరుగుతున్నది అదే. ఇంజను నుంచి సైలెన్సర్ దాకా వంగి వచ్చే బెండు పైపును తుప్పు తినేసింది. మొదట సూది మొన అంత చిల్లు, తర్వాత వేలు దూరేంత. ఇప్పుడు బండి స్టార్ట్ చేస్తే రేకుల షెడ్డు మీద రాళ్లవాన కురిసినట్టు ఉంటుంది. రామా అని తను అన్నాడో లేదో తనకే తెలియదు.

ఆ ఆదివారం పొద్దున కూడా అతను బండిని స్టార్ట్ చేయకుండానే గల్లీ ఎక్కించాడు. కోట కింద నుంచి పెద్ద రోడ్డు దాకా గల్లీ అంతా ఎత్తు. మొండి ఎద్దును కొమ్ములు పట్టి నడిపించినట్టు, హ్యాండిల్ రెండు చేతులా పట్టుకుని, ఛాతీ ముందుకు వంచి తోసుకుంటూ పోయాడు. బక్కపలచటి మనిషి. కాపలా పనికి గోదాము వాళ్లిచ్చిన ఖాకీ ప్యాంటు ఆదివారం కూడా అదే. నుదుటి బొట్టు చెమటకు కరిగి ముక్కు మీదికి జారింది. సగం గల్లీలో ఆగి, మోకాలి చిప్పను అరచేత్తో నొక్కి పట్టుకుని, మళ్లీ తోశాడు.

పదిహేను రోజులుగా ఇదే తీరు. అంతకు ముందు ఒక సాయంత్రం హకీం భార్య బద్రున్నీసా వచ్చి గడప బయటే నిలబడింది. హకీం ఊపిరితిత్తులు పాడైపోయాయని, ఇక చేసేదేం లేదని పట్నం దవాఖానా వాళ్లు ఇంటికి పంపించారు. రాత్రంతా దగ్గు. తెల్లవారుజామున నమాజు అయ్యాక కాస్త కన్ను మూస్తాడు. సరిగ్గా అప్పుడే ఈ బండి మోగుతుంది.

"ఏమనుకోకు భయ్యా," అంది ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. "జర ముందుకు పోయినంక స్టార్ట్ జెయ్యి. ఎన్ని దినాలో లేవు. గా కొన్ని దినాలన్న నిదురపోనీ."

రత్నాకర్ తలవంచుకుని సరేనన్నాడు. మరునాటి నుంచి పోయేటప్పుడు పెద్ద రోడ్డు దాకా తోయడం, వచ్చేటప్పుడు ఇంజను ఆపి పల్లంలో జారుకుంటూ రావడం. పైపు మార్పించాలని ఆ సాయంత్రమే అనుకున్నాడు.

అనుకోవడం తేలిక, దొరకడమే కష్టం. అతని బండి గేరు కుడికాలి దగ్గర ఉండే పాతకాలం బుల్లెట్. రేగోడ్ దగ్గర మదన్ మోహన్ పటేల్ ట్రాక్టరును రత్నాకర్ నడిపే రోజుల్లో పటేల్ కారు కొనుక్కుని, ఇది నువ్వు తీసుకుపో అని తాళంచెవి చేతిలో పెట్టాడు. పటేల్ వ్యవసాయం మానుకుని పట్నంలో వెంచర్లు పెట్టాక ట్రాక్టర్ పని పోయింది. నిజాంపేటలో విత్తనాల గోదాముకు కాపలా పని దొరికింది. బండి మాత్రం మారలేదు. పటేల్ ఇచ్చిన బండి గనకే హకీం అతన్ని పటేలా అంటాడు. ఊళ్లో సామాన్ల దుకాణాల్లో అడిగితే కొత్త మోడళ్లవే ఉన్నాయన్నారు. ఒకాయన జాలిపడి హైదరాబాదులో పాత సామాన్లు అమ్మే దుకాణం నంబరు రాసిచ్చాడు.

ఫోనులో ఆ దుకాణదారు మొదట అడిగింది గేరు ఏ పక్కన అని. కుడి పక్క అన్నాడు రత్నాకర్. ఇంకా నడుస్తున్నదా అన్నాడు దుకాణదారు. నడుస్తది అన్నాడు రత్నాకర్ కొంచెం పౌరుషంగా. ఫోటో పంపమన్నాడు. వాకిట్లో నిలబెట్టి తీసి పంపాడు. వెంటనే ఫోను మోగింది. నాకు పైపు కనబడాలె, నీ ఇంటామె చీర కాదు అన్నాడు దుకాణదారు. దండెం మీద ఆరేసిన భార్య దుర్గమ్మ చీర బండికి సగం అడ్డం వచ్చింది. రెండో ఫోటో చూసి, గోదాములో వెతికి, ఉన్నది అన్నాడు. రత్నాకర్ రెండు కావాలన్నాడు. ఒక్కటే ఉంది, ఇవి తయారుచేసేవాళ్లే లేరు, ఇంకొకటి ఎప్పుడొస్తుందో చెప్పలేనన్నాడు.

వంటింట్లో నుంచి వింటున్న దుర్గమ్మ, ఒక్క బండికి రెండు పైపులెందుకని అడిగింది. రత్నాకర్ ఫోను జేబులో పెట్టుకుని వాకిట్లోకి పోయాడు.

బస్టాండులో ఆదివారం సందడి. చర్చికి వచ్చినవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని, తెల్లబట్టలు నలగకుండా బస్సులు దిగుతున్నారు. కార్గో కౌంటరులో పొడవాటి అట్టపెట్టె ఇచ్చారు. సుతిలి తాడుతో కట్టి, పైన అతని పేరు నల్ల సిరాతో పెద్దగా రాసి ఉంది. తన పేరు అంత పెద్దగా రాసి ఉండగా చూడటం అతనికి అదే మొదలు. పెట్టెను ట్యాంకు మీద అడ్డంగా పెట్టుకుని, మోచేతులతో నొక్కిపట్టి, గల్లీ మలుపులో ఇంజను ఆపి జారుకుంటూ ఇంటికి వచ్చాడు.

పెట్టె విప్పితే పైపు మెరిసింది. దుర్గమ్మ వంగి అందులో తన మొహం చూసుకుని, సొరకాయ లెక్క ఉన్నదని నవ్వింది. అతను గోనెసంచి పరిచి దానిమీద పైపును పడుకోబెట్టాడు. ఇంజను చల్లారేదాకా ఆగి, పాత బనీను తొడుక్కుని, పానాలు వరసగా పెట్టుకుని కూర్చున్నాడు. మెకానిక్కు దగ్గరికి పోవచ్చు గదా అంది దుర్గమ్మ. మెకానిక్కు గోడకు అవతల మంచం మీద ఉన్నాడు. ఇంకొకరి చెయ్యి ఈ బండి మీద పడలేదు.

సైలెన్సరుతో కలిపే క్లాంపు బోల్టు కొంత గింజుకుని వదిలింది. ఫుట్‌రెస్టు దగ్గరి బోల్టూ వచ్చింది. అసలు చిక్కు మూతి దగ్గర. ఈ బండికి పైపు మూతి ఇంజను హెడ్డులోకి దిగి, తన బిగువుతో తానే నిలబడుతుంది. తుప్పూ మసీ కలిసి ఆ మూతిని లోపల పట్టేశాయి. రెండు చేతులా పట్టుకుని తిప్పాడు, కదల్లేదు. కాలు ఆనించి లాగాడు, బండే కదిలింది. సుత్తి తీసుకుని ఒక దెబ్బ వేశాడు.

గోడ మీదుగా బద్రున్నీసా తల కనిపించింది.

"సుత్తె ఎవలు పట్టుకున్నరని అడుగుతుండు."

రత్నాకర్ సుత్తి కింద పెట్టాడు. నిద్ర చెడగొట్టానా అని అడిగాడు. ఆమె వెనక్కి ఒకసారి చూసి, గొంతు తగ్గించి చెప్పింది. నిద్ర ఎక్కడిది భయ్యా, పడుకుంటలేడు. ఈ పదిహేను రోజుల నుంచి తెల్లారగానే కళ్లు తెరుచుకుని కిటికీ దిక్కే చూస్తుండు. పటేల్ బండి ఇనబడ్తలేదు, నౌకరీ పోయిందా ఏంది అని రోజూ అడుగుతుండు. లీవుల ఉన్నడని చెప్పిన. నేను నీకు చెప్పినట్టు ఆయనకు తెల్వదు.

 మోకాలు పట్టుకుని తను గల్లీ ఎక్కిన ప్రతి తెల్లవారుజామునా, ఆ మనిషి అక్కడ చెవులొగ్గి రాని చప్పుడు కోసం చూస్తున్నాడన్నమాట. ఇప్పుడిక కావలసింది నిశ్శబ్దం కాదు. బండి బాగుపడాలి, దాని సరైన చప్పుడు హకీం చెవిన పడాలి. అదీ ఈ రోజే.

బద్రున్నీసా లోపలికి పోయి మళ్లీ వచ్చింది. ఈసారి చేతిలో కిరసనాయిలు సీసా.

"సుత్తెతోని కొడితే హెడ్డు పలుగుతదంట. పలిగితే నీ పటేల్ గూడ తేలేడంట. గీ గ్యాస్‌నూనె మూతి సుట్టు పొయ్యమంటుండు. పోసి ఇడిసిపెట్టి చాయ తాగమంటుండు. ఒక్కటి గాదు, రెండు. ఇంకోటి గూడ అన్నడు గని..." ఆమె నవ్వు ఆపుకుంది. "నా పైపును కొట్టెటందుకు ఆయనెవరని అడుగుతుండు."

దుర్గమ్మ తలెత్తి భర్తను చూసింది. రెండు పైపులు ఎందుకు అడిగాడో ఆమెకు అప్పుడు తట్టింది.

ఆ పైపు నిజంగానే హకీంది. కూతురు సహస్ర నర్సాపూర్‌లో ఇంటర్ పరీక్షలు రాసే ఏడు, బస్సులు బందున్న రోజున, బిడ్డను వెనక కూర్చోబెట్టుకుని బయలుదేరితే గల్లీ చివర్లోనే బెండు పైపు విరిగి రోడ్డు మీద పడింది. హకీం అప్పుడే దుకాణం తెరుస్తున్నాడు. వెంటనే బయట నిలబెట్టి ఉన్న తన బుల్లెట్ పైపు విప్పి దీనికి బిగించాడు. రెండూ ఒకే కాలం బండ్లు. నీది వచ్చినప్పుడు నాది నాకియ్యి అన్నాడు. సహస్ర పరీక్ష అందుకుంది. ఇప్పుడు నర్సాపూర్‌లోనే ఒక ల్యాబులో పనిచేస్తోంది. హకీం మాత్రం ఇనుప సామాన్ల కొట్టులో దొరికిన ముక్కలు మూడు అతికించి తన బండికి పైపు చేసుకున్నాడు. మెకానిక్కు బండికే అతుకులా అని ఎవరైనా ఎగతాళి చేస్తే, నాది పటేల్ కిరాయికి తీసుకున్నడు అనేవాడు. వచ్చే నెల, పండుగ తర్వాత, జీతం పెరిగాక అనుకుంటూ రత్నాకర్ వాయిదా వేశాడు. తర్వాత్తర్వాత అది తన పైపే అన్నంతగా అలవాటైపోయింది. హకీం గట్టిగా ఎప్పుడూ అడగలేదు. ఎదురుపడినప్పుడల్లా చెప్పు కొసతో పైపును తట్టి, నా పైపు మంచిగున్నదా అనేవాడు. అట్లా అన్న ప్రతిసారీ రత్నాకర్ నవ్వేవాడు. ఇంటికొచ్చాక ఆ నవ్వు అతనికే బాగుండేది కాదు.

గ్యాస్‌నూనె పోసి, చేతులు తుడుచుకుని అతను పక్కింటికి పోయాడు.

కిటికీ పక్కన మంచం. నిండుగా ఉండే మనిషి బొంతలో ఎక్కడున్నాడో వెతుక్కోవాల్సి వచ్చింది. చేతులు మాత్రం అవే. ఏడాదిగా పానా పట్టకపోయినా గోళ్ల అంచుల్లో నలుపు పోలేదు. ముక్కుకు గాలిగొట్టం ఉంది. రత్నాకర్ స్టూలు మీద కూర్చుని, వస్తూ మనసులో అనుకున్న మాట ఎట్లా మొదలుపెట్టాలో తెలియక మంచంకోడును చూస్తున్నాడు.

"నా పైపు మంచిగున్నదా?" అన్నాడు హకీం. గొంతు గాలిలాగా వచ్చింది.

"పలిగింది భాయ్."

"ఇన్నేండ్లు తింటే పలగదా మరి."

"కొత్తది తెప్పిచ్చిన. రెండు అడిగితే ఒక్కటే దొరికింది. ఇంకోటి వచ్చినంక నీ బండికి..."

హకీం చెయ్యి కొంచెం లేపి ఆపమన్నాడు. ఊపిరి కూడదీసుకోవడానికి సమయం పట్టింది.

"నేనేడికి పోతున్న బండి మీద? నీకు బిగించు. బిగించి గీ కిటికీ కాడ స్టార్ట్ చెయ్యి. నేను సప్పుడు ఇంట. తొందరపడకు పటేలా. నూనె దిగనీ."

ఇంటికి వచ్చి రత్నాకర్ ఒక చాయ తాగాడు. చెప్పినట్టే రెండోది కూడా పెట్టించుకుని తాగాడు. అరుగు మీద కూర్చుని రామనామం అనుకుంటే ఎన్నాళ్లకో తన గొంతు తనకు స్పష్టంగా వినిపించింది. వింటుంటే కొంచెం కొత్తగా, ఎవరో పెద్దవాళ్ల గొంతులా అనిపించింది. ఆ నామం తన కోసమా హకీం కోసమా అని మధ్యలో ఒక ఆలోచన వచ్చింది. అట్లా విడదీసి అనుకోవాలా వద్దా అన్నది కూడా అతనికి తెలియదు.

ఎండ దండెం దాటాక లేచి పైపు పట్టుకున్నాడు. కొద్దిగా కుడికి, కొద్దిగా ఎడమకు. లోపల సన్నగా కిర్రుమంది. మళ్లీ తిప్పితే, వదులైన పన్ను ఊడినట్టు చేతిలోకి వచ్చేసింది. అతను పెద్దగా నవ్వి, వచ్చింది భాయ్ అని గోడ దిక్కు చూసి కేకేశాడు. అవతల నుంచి ఒక దగ్గు వినపడింది. గరుకు కాగితం చుట్టగా చుట్టి హెడ్డు రంధ్రంలో పెట్టి మసి గీకడం మొదలుపెట్టాడు. లోపల నున్నగా లేకపోతే కొత్త మూతి సరిగా దిగదు. గీకడం, గుడ్డతో తుడవడం, వేలు పెట్టి చూడడం.

ఆ పని సగంలో ఉండగా బద్రున్నీసా గోడ దగ్గరికి వచ్చింది.

"భయ్యా, జర రా," అంది. అగ్గిపెట్టె అడిగినప్పుడు ఎట్లా ఉంటుందో అట్లాగే ఉంది గొంతు.

అతను మసి చేతులతోనే పోయాడు. హకీం మొహం కిటికీ వైపు తిరిగి ఉంది. గాలిగొట్టం అప్పటికే తీసి పక్కన పెట్టింది ఆమె. రత్నాకర్‌కు హకీం చెయ్యి పట్టుకోవాలనిపించింది గాని తన చేతుల నలుపు చూసుకుని ఆగిపోయాడు.

"సప్పుడు ఇంటనే ఉండె," అంది బద్రున్నీసా. "నువ్వు గరగర గీకుతుంటే ఇంటనే ఉండె. మంచిగ తోముతుండు అన్నడు. నేను నీళ్లు తెచ్చే వరకు..."

తర్వాత జరగవలసినవి జరిగాయి. మసీదు మైకులో చెప్పారు. మధ్యాహ్నానికి కొడుకు వసీం హైదరాబాదు నుంచి వచ్చాడు. రత్నాకర్ చేతులు కడుక్కుని కుర్చీలు తెచ్చాడు, బిందెలతో నీళ్లు మోశాడు, ఇల్లు తెలియని వాళ్లకు గల్లీ మొదట్లో నిలబడి దారి చూపించాడు. దుర్గమ్మ బద్రున్నీసా పక్కన కూర్చుంది. సాయంత్రం నమాజు తర్వాత ఎత్తుకుపోయారు. రత్నాకర్ కూడా పోయాడు. ప్రార్థన జరుగుతున్నంతసేపు దూరంగా చెప్పులు విడిచి నిలబడ్డాడు. అందరితో పాటు మూడు పిడికిళ్ల మట్టి వేసి వచ్చాడు.

ఇంటికి వచ్చేసరికి ఇంకా వెలుగుంది. వాకిట్లో బండి పైపు లేకుండా, నోరు తెరుచుకుని నిలబడి ఉంది. గోనెసంచి మీద కొత్త పైపు అట్లాగే ఉంది. తలస్నానం చేసి దేవుడికి దీపం పెట్టి వచ్చి దాని ముందు కూర్చున్నాడు. రేపు డ్యూటీ ఉన్నది, చీకటి పడకముందే బిగించుకో అంది దుర్గమ్మ. అతను పైపు చేతిలోకి తీసుకున్నాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు. రెండు పానాలు జేబులో వేసుకుని పక్కింటికి నడిచాడు. దుర్గమ్మ ఆపలేదు.

హకీం బుల్లెట్ రేకుల చూరు కింద టార్పాలిన్ కప్పుకుని ఉంది. కుర్చీలు సర్దుతున్న వసీం దగ్గరికి వచ్చాడు.

"ఏంది చాచా?"

"మీ అబ్బా పైపు. నా దగ్గెర ఉండె."

వసీం కొత్త పైపునూ అతన్నీ మార్చి మార్చి చూశాడు. "ఇప్పుడు దీన్ని ఎవలు నడుపుతరు చాచా? నీ బండికే పెట్టుకోరాదు?"

"నడిపెటందుకు గాదు బిడ్డా," అన్నాడు రత్నాకర్. "ఇచ్చెటందుకు."

టార్పాలిన్ సగం మడిచి గొంతుక్కూర్చున్నాడు. అతుకుల పైపు విప్పడానికి నూనె పోయాల్సి వస్తుందనుకున్నాడు. అవసరం లేకపోయింది. బిగించిన రోజున హకీం మూతికి గ్రీజు రాసి ఉంచాడు. చేత్తో తిప్పితే వచ్చేసింది. కొత్త పైపు మూతి హెడ్డులోకి మెత్తగా దిగింది. క్లాంపు ఎక్కించి, బోల్టు బిగించి, మళ్లీ ఒకసారి బిగువు చూశాడు. తొందరపడలేదు.

తలుపు పరదా వెనక నుంచి బద్రున్నీసా కొడుకును ఎవరని అడిగింది. రత్నాకర్ చాచా, అబ్బా పైపు తెచ్చి బిగిస్తుండని వసీం చెప్పాడు. 

"చేతుల మరకలు పడ్డయేమో, తుడిచిపెట్టుమను," అంది ఆమె. "ఆయనకు మరకలు నచ్చవు."

రత్నాకర్ భుజం మీది తువ్వాలు తీసి, మూతి నుంచి సైలెన్సర్ దాకా, వంపు లోపలి వైపు కూడా, వేళ్ల గుర్తు ఒక్కటి లేకుండా తుడిచాడు. లేచి మోకాలు సవరించుకుని ఇంటికి పోయాడు. చిల్లు పైపునే మళ్లీ తన బండికి తగిలించుకోవాలి. రేపు పొద్దున గల్లీ ఎక్కేదాకా తోయాల్సిన పని లేదు.

ఇంజను వేడి తగిలితే కొత్త పైపు మొదటి రోజే మూతి దగ్గర పసుపు తిరుగుతుంది, నాలుగు రోజులకు నీలంగా మారుతుంది. రేకుల చూరు కింద, టార్పాలిన్ అంచు దాటి బయటికి కనిపిస్తున్న ఆ వంపు మాత్రం ఏ రంగూ ఎక్కకుండా తెల్లగా మెరుస్తూ ఉంది.